గ్రీకు అక్షరాల నీడన తెలుగు ఆడపడుచులు

సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలకు అమెరికా ఇప్పుడు అంత దూరదేశమేమీ కాదు. హోసూరులోనో బళ్లారిలోనో, బరంపురంలోనో షోలాపురంలోనో, యానాంలోనో ఇల్లు కట్టుకొని ఉన్న పెద్దవారికి టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో చదువుకొంటున్న మనుమరాలు ఉండడం వింత కాకుండా పోయింది. అక్కడే పుట్టి అక్కడే పెరిగి, ఇప్పుడు విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన పిల్లలు వీరు. ఆ పిల్ల పంపిన ఛాయాచిత్రంలో ఆమె తొడుక్కొన్న కోటు మీద మూడు అక్షరాలు కనిపిస్తాయి. అవి తెలుగు కాదు, ఇంగ్లీషూ కాదు. పక్కన అవే అక్షరాలు ధరించిన మరి పదిమంది అమ్మాయిలు. వీరంతా నా అక్కచెల్లెళ్లు అని ఆ పిల్ల చెబుతుంది. ఒక్కగానొక్క కూతురికి ఇంతమంది తోబుట్టువులు ఎక్కడినుంచి వచ్చారని ఇక్కడి పెద్దలు విస్తుపోతారు. అదేదో కొత్త మతమేమో, రహస్య సంఘమేమోనని కొందరు భయపడతారు కూడా.

అది మతం కాదు. రహస్యం మాత్రం కొంత ఉన్నది గాని, భయపడవలసినది అందులో కాదు, వేరేచోట ఉన్నది. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు ఆ మూడక్షరాల కథ తెలుసుకోవాలి. ఎందుకంటే అల్పసంఖ్యాకులుగా బతికేవారికి అందులో నేర్చుకోదగినది చాలా ఉన్నది, నేర్చుకోకూడనిదీ కొంత ఉన్నది.

అమెరికా కళాశాలలలో గ్రీకు అక్షరాల పేర్లతో విద్యార్థి సంఘాలు పెట్టుకొనే ఆచారం 1776లో, వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో మొదలైంది. అవి మగపిల్లల సంఘాలు. స్త్రీలకు కళాశాలల తలుపులు తెరుచుకొన్నా ఆ సంఘాల తలుపులు తెరుచుకోలేదు. అందుచేత వారు తమవి తామే పెట్టుకొన్నారు. 1867లో ఇల్లినాయి రాష్ట్రంలో, 1870లో ఇండియానాలో అటువంటివి పుట్టాయి. 1874లో సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో నలుగురు అమ్మాయిలు గామా ఫై బీటా అనే సంఘాన్ని స్థాపించుకొన్నారు. వీరి కోసమే అక్కడి లాటిన్ ఆచార్యుడొకరు 'సొరారిటీ' అనే మాటను సూచించాడు. లాటిన్‌లో 'సొరోర్' అంటే సోదరి. అంతవరకూ ఆడపిల్లల సంఘాన్ని కూడా సోదరుల సంఘం అన్న అర్థమిచ్చే 'ఫ్రటర్నిటీ' అనే మాటతోనే పిలిచేవారు. మన పేరు మనకు లేకపోతే మనం ఇంకొకరి లెక్కలో పడిపోతామన్న సంగతి జనగణన పత్రాలలో మాతృభాష గడిని చూసి తెలుసుకొన్న మన పాఠకులకు వివరించనక్కరలేదు.

అయితే ఈ సోదరీ సంఘాలు అందరు సోదరీమణులకూ చోటివ్వలేదు. ఇరవయ్యవ శతాబ్దం నడుమదాకా వీటిలో అనేకం తెల్లజాతివారికి మాత్రమే అని నియమావళిలోనే రాసుకొన్నాయి. రాత తుడిచివేసిన తరువాత కూడా అలవాటు మిగిలింది. 2013లో అలబామా విశ్వవిద్యాలయంలో అన్ని అర్హతలూ ఉన్న నల్లజాతి అమ్మాయిని సంఘాలు కాదన్న వైనాన్ని అక్కడి విద్యార్థి పత్రికే బయటపెట్టింది. చేర్చుకొందామని అమ్మాయిలు అంటే, పూర్వ విద్యార్థినులు అడ్డుపడ్డారన్నది అప్పుడు వచ్చిన ఆరోపణ. తరం మారినా పెత్తనం మారకపోతే ఏమవుతుందో ఇక్కడ కనబడుతుంది.

కాదన్నచోట నిలబడి ఏడవకుండా నల్లజాతి అమ్మాయిలు 1908లోనే వాషింగ్టన్ నగరంలోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే తమ సంఘాన్ని పెట్టుకొన్నారు. 1913లో అదే విశ్వవిద్యాలయంలో ఇరవై ఇద్దరు కలిసి డెల్టా సిగ్మా థీటాను స్థాపించి, కొన్ని వారాలకే మార్చి 3న వాషింగ్టన్ వీధులలో జరిగిన స్త్రీల వోటుహక్కు ఊరేగింపులో నడిచారు. తమిళనాట మూలాలున్న తల్లికి పుట్టి, 2021 నుంచి 2025 వరకు అమెరికా ఉపాధ్యక్షురాలిగా ఉన్న కమలా హారిస్ ఆల్ఫా కప్పా ఆల్ఫా సభ్యురాలే. కాని నా దృష్టిలో ఆ సంఘం గొప్పతనం ఉపాధ్యక్షురాలిని ఇవ్వడంలో లేదు.

1935లో ఆ సంఘం మిసిసిపీ రాష్ట్రపు పత్తి పల్లెలలో ఒక ఆరోగ్య సేవా కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడి నల్లజాతి కౌలురైతులకు వైద్యమంటే తెలియదు. పిల్లలకు టీకాలు లేవు. డాక్టర్ డొరొతీ ఫెరిబీ అనే వైద్యురాలి నాయకత్వాన డాక్టర్లు, నర్సులు, ఉపాధ్యాయినులు తమ వేసవి సెలవులు మానుకొని అక్కడికి వెళ్లారు. వైద్యశాల పెడితే భూస్వాములు తమ పనివారిని అక్కడికి పోనివ్వలేదు. అప్పుడు ఆ స్త్రీలు తాము వచ్చిన కార్లనే వైద్యశాలలుగా మార్చి, పొలాల దగ్గరికే వెళ్లి టీకాలు వేశారు, పళ్లు చూశారు, ఏం తినాలో చెప్పారు. 1942 దాకా ఏటేటా కొన్ని వారాలపాటు ఈ పని సాగింది. యుద్ధకాలంలో పెట్రోలు కరవై ఆగింది. కార్లలో వెళ్లిన ఆ స్త్రీలు చదువుకొన్నవారు, నగరాలలో స్థిరపడ్డవారు. పత్తి పొలాలతో వారికి ఇక పనిలేదు. అయినా వెళ్లారు. సోదరీభావం అన్నది తమ గదిలో తాము కూర్చొని ఒకరినొకరు పొగుడుకోవడం కాదని, తమకంటె వెనుకబడిన తమవారి గడప తొక్కడమని వారికి తెలుసు. సేవ అన్న మాట వినబడినప్పుడల్లా నేను ఈ కార్లను గుర్తుచేసుకొంటాను.

ఆసియావారి సంగతీ ఇటువంటిదే. జపాను సంతతి అమ్మాయిలు 1920ల చివర లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కై ఆల్ఫా డెల్టా అనే సంఘం పెట్టుకొన్నారు. విశ్వవిద్యాలయం దగ్గర ఇల్లు సంపాదించుకోబోతే, ఆ వీధులలో తెల్లవారు కానివారికి ఇళ్లు ఇవ్వరాదన్న ఒడంబడికలు అడ్డువచ్చాయి. 1942లో జపాను సంతతివారిని నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు సంఘమే ఆగిపోయి, యుద్ధం ముగిసిన తరువాత మళ్లీ తలెత్తింది.

ఇక మనవారి వంతు. 1965 వలస చట్టం తరువాత అమెరికా వెళ్లిన డాక్టర్లకు, ఇంజనీర్లకు పుట్టిన పిల్లలు 1990లలో విశ్వవిద్యాలయాలకు వచ్చారు. 1994లో న్యూయార్కు రాష్ట్రంలోని బింగమ్టన్‌లో మగపిల్లలు దక్షిణాసియా సంఘం ఐయోటా ను డెల్టాను పెట్టారు. అమ్మాయిలు 1998లో మేలుకొన్నారు. ఆ ఏడాది నవంబరు, డిసెంబరు నెలలలో మూడు చోట్ల మూడు సంఘాలు పుట్టాయి. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో కప్పా ఫై గామా, హూస్టన్ విశ్వవిద్యాలయంలో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్కులోని సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయంలో సిగ్మా సిగ్మా రో. రెండు నెలల్లో ఒకే దేశంలో మూడుచోట్ల ఒకే ఆలోచన మొలిచిందంటే, అది ఎవరి బుర్రలోనో పుట్టిన సరదా కాదు, ఒక తరానికి కలిగిన అవసరం.

ఆ అవసరమేమిటి? ఇంట్లో అమ్మ ఒక లోకం, బడిలో మరొక లోకం. ఇంట్లో మరీ అమెరికా పిల్లవైపోయావని నింద, బయట మీ దేశం ఎక్కడిదని ప్రశ్న. సాయంత్రం ఏడు దాటితే బయటికి పంపని తండ్రి, రాత్రి పదింటికి గ్రంథాలయం నుంచి ఒంటరిగా గదికి నడవవలసిన కూతురు. ఈ నడుమ బతుకు ఎటువంటిదో సరిహద్దు జిల్లాలలో పెరిగిన ఆడపిల్లకు తెలిసినంతగా హైదరాబాదు ఆడపిల్లకు తెలియదు. బెంగుళూరు హాస్టలులో తెలుగుపిల్ల అని, ఆంధ్రాలో చుట్టాలింటికి వెళితే యాసను బట్టి అరవపిల్ల, కన్నడపిల్ల అని అనిపించుకొన్నవారు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. అక్కడి అమ్మాయిలు ఆ నడుమ బతుకునే తమ చిరునామాగా చేసుకొన్నారు. అందుకు వారిని మెచ్చుకోవాలి.

సంఘం నడిచే తీరు ఇట్లా ఉంటుంది. ఏటా కొత్తవారిని పిలుస్తారు, కలిసి మాట్లాడతారు, ఎంపిక చేస్తారు. కొన్ని వారాలు శిక్షణ ఉంటుంది. సంఘం చరిత్ర నేర్చుకోవాలి, మార్కులు తగ్గకుండా చూసుకోవాలి. ప్రతి కొత్త అమ్మాయికీ ఒక పెద్దక్కను నియమిస్తారు. జ్వరం వస్తే కషాయం కాచి ఇవ్వడం దగ్గరినుంచి, ఏ పాఠ్యాంశం తీసుకోవాలి, ఏ ఉద్యోగానికి ఎట్లా దరఖాస్తు చేయాలి అన్నదాకా ఆమె చూసుకొంటుంది. ఆ పెద్దక్కకు ఒక పెద్దక్క, ఆమెకు మరొక పెద్దక్క. ఇట్లా ఒక వంశవృక్షమే తయారవుతుంది. చదువు ముగిసినా సభ్యత్వం ముగియదు. పట్టభద్రుల శాఖలు నగరాలలో ఉంటాయి. పెద్ద తెల్లవారి సంఘాలకు ఉన్నట్టు మేడలు, వంటవారు వీరికి సాధారణంగా ఉండరు. విశ్వవిద్యాలయపు గది ఒకటి అడిగి తీసుకొని సమావేశం జరుపుకొంటారు.

ఇందులో ఒక సంగతి నాకు చాలా నచ్చింది, దానిని దాచుకోను. ఆ గదిలో తెలుగమ్మాయి పక్కన గుజరాతీ అమ్మాయి, పాకిస్తాను సంతతి అమ్మాయి, బంగ్లాదేశ్ అమ్మాయి, సింహళ అమ్మాయి కూర్చొంటారు. దక్షిణాసియాకు చెందనివారినీ చేర్చుకొంటారు. ఆ పిల్లల తల్లిదండ్రుల తెలుగు సంఘాలో? 1970ల చివర ఒకటిగా మొదలైన అమెరికా తెలుగు సంఘ జీవితం తరువాత ఎన్ని పాయలుగా చీలిందో, ఆ చీలికలలో కులానికి ఎంత పాలున్నదో అక్కడివారే బాహాటంగా చెప్పుకొంటారు. కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థ 2022లో తన వివక్షా నిషేధ నియమాలలో కులం అన్న మాటను ప్రత్యేకంగా చేర్చవలసి వచ్చిందంటే, మనం ఓడ ఎక్కించి పంపిన సరుకులో ఏమేమి ఉన్నాయో తెలుస్తున్నది. ఈ విషయంలో పిల్లలు పెద్దలకంటె మేలు.

ఇప్పుడు సేవ మాట. ఈ సంఘాలకు సేవ అలంకారం కాదు, నియమం. ప్రతి సంఘమూ తనకొక జాతీయ సేవాంశాన్ని ఎంచుకొంటుంది, ప్రతి సభ్యురాలూ ఏటా ఇన్ని గంటలు పనిచేయాలని లెక్క పెడుతుంది. హూస్టన్‌లో పుట్టిన డెల్టా ఫై ఒమేగా అక్షరాస్యతను తన పనిగా తీసుకొన్నది. గృహహింసకు లోనైన స్త్రీల సహాయం కోసం విరాళాలు పోగుచేయడం, అనాథలకు ఆహారం పొట్లాలు కట్టడం, మూలుగదాతల పేర్లు నమోదు చేయించడం వంటి పనులు దాదాపు అన్ని సంఘాలలోనూ కనిపిస్తాయి.

మూలుగదానం గురించి రెండు మాటలు చెప్పాలి. రక్తపు కాన్సరు వంటి వ్యాధులలో రోగికి ఇంకొకరి ఎముక మూలుగ నుంచి వచ్చే మూలకణాలు ఎక్కించవలసి వస్తుంది. రక్తం గ్రూపు కలిస్తే చాలదు, వంశపారంపర్యంగా వచ్చే కణజాల లక్షణాలు కలవాలి. తోబుట్టువులలో ప్రతి ఒక్కరితోనూ కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. వారితో కలవకపోతే అదే జాతి మూలాలున్నవారిలో వెతకాలి. అమెరికా జాతీయ దాతల పట్టికలో తెల్లజాతి రోగికి పూర్తిగా సరిపోయే దాత దొరికే అవకాశం 79 శాతమైతే, ఆసియా సంతతి రోగికి 47 శాతం మాత్రమే. కారణం, మనవారు పేర్లు నమోదు చేయించుకోరు. దక్షిణాసియావారిని నమోదు చేయించడం కోసమే 1992లో 'సమర్' అనే సంస్థ పుట్టింది. ఇది పద్దెనిమిదేళ్ల పిల్లలు చేయగలిగిన పని. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి ఇస్తే నమోదు అయిపోతుంది. పండుగ వేడుక జరిగే హాలు గుమ్మంలో బల్ల వేసుకొని కూర్చొన్న అమ్మాయి ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చు.

కాని చిక్కంతా అక్కడే వస్తుంది. ఆ బల్ల దగ్గరికి వచ్చిన యువకుడికి ఇంగ్లీషులో చెబితే అర్థమవుతుంది. దాత దొరికాడని కబురు వచ్చిన తరువాత, వెన్నెముకలో సూది పొడుస్తారట, పిల్లలు పుట్టరట అని అడ్డుపడే అమ్మకు ఎవరు చెప్పాలి? ఏ భాషలో చెప్పాలి? వెన్నెముకను ముట్టుకోరని, చాలాసార్లు చేతి నరం నుంచి రక్తం తీసినట్టే తీస్తారని ఆమెకు నమ్మకం కలిగేట్టు చెప్పడానికి విరాళాలు పనికిరావు. తెలుగు కావాలి. చెప్పేది తన కడుపున పుట్టినటువంటి పిల్ల అయితే ఆ తల్లి వింటుంది.

గృహహింస సంగతి ఇంకా కఠినమైనది. అమెరికాలో దక్షిణాసియా స్త్రీల కోసం మొట్టమొదట 1985లో న్యూజెర్సీలో 'మానవి' అనే సంస్థ ఏర్పడింది. 1989లో న్యూయార్కులో 'సఖి', 1992లో ఆస్టిన్‌లో 'సహేలీ', 1996లో హూస్టన్‌లో 'దయ' వచ్చాయి. ఈ సంస్థలు ఎందుకు వేరుగా పుట్టవలసి వచ్చింది? ఆ దేశంలో శరణాలయాలు లేకనా? కాదు. అక్కడి శరణాలయానికి ఫోను చేసిన మన ఆడకూతురి బాధ అవతలివారికి అర్థం కాలేదు గనుక. కొట్టాడా అని వారు అడుగుతారు. కొట్టలేదు. పాస్‌పోర్టు దాచాడు, అత్తగారు ఫోనులో పుట్టింటివారిని తిడుతున్నది, బియ్యం డబ్బాకు తాళం వేశారు. ఈ మాటలు ఇంగ్లీషులోకి ఎట్లా వెళతాయి?

1990ల చివరి నుంచి కంప్యూటరు ఉద్యోగులతో పాటు వెళ్లిన భార్యలలో తెలుగువారు లెక్కకు మిక్కిలి. ఉద్యోగి వీసా భర్తది, భార్యది దానిని పట్టుకొని వేలాడే హెచ్-4 వీసా. 2015 వరకు ఆ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ ఏడాది వచ్చిన నియమంతో, శాశ్వత నివాసానికి దరఖాస్తు ఒక దశ దాటినవారి భార్యలకు మాత్రమే ఆ అనుమతి దక్కింది. చదువుకొన్న పిల్ల, సొంత బ్యాంకు ఖాతా లేని పిల్ల, కారు నడపడం రాని పిల్ల, తెలిసినవారంతా భర్త స్నేహితులే అయిన పిల్ల. 2010 నుంచి 2017 నడుమ అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని, ఆ దేశపు పెద్ద భాషలలో అంత వేగంగా పెరిగినది మరొకటి లేదని వార్త వచ్చినప్పుడు మన పత్రికలన్నీ పండుగ చేసుకొన్నాయి. ఆ పెరిగిన సంఖ్యలో తలుపు వేసుకొని ఏడుస్తున్నవారు ఎందరో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఒక చిత్రాన్ని ఊహించండి. గ్రీకు అక్షరాల కోటు తొడుక్కొన్న మన తెలుగమ్మాయి నాట్య పోటీ పెట్టి, టిక్కెట్లు అమ్మి, ఆ డబ్బును సహాయ సంస్థకు ఇస్తుంది. మంచిపని. ఆ సంస్థ ఫోను మోగుతుంది. అవతల గుంటూరునుంచో గుడియాత్తంనుంచో వచ్చిన ఇరవై ఆరేళ్ల స్త్రీ, గొంతు తగ్గించి తెలుగులో మాట్లాడుతుంది. ఆ ఫోను తీయవలసినది ఈ అమ్మాయే. కాని తీయలేదు. అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే అలవాటు ఆమెది. అర్థమవుతుంది, నోట రాదు. అక్షరాస్యత కోసం పాటుపడే ఆ పిల్లలలో ఎందరికి తమ అమ్మ భాష అక్షరాలు వచ్చు?

నేను ఆ పిల్లలను నిందించడం లేదు. దక్షిణాసియా అన్న గొడుగు పెద్దది. దాని కింద అందరికీ చోటుంటుంది గాని ఎవరి భాషకూ చోటుండదు. అందరినీ కలిపే భాష ఇంగ్లీషు, అందరూ కలిసి ఆడే పాట హిందీ సినిమాది. తెలుగు అక్కడ అమ్మతో ఫోనులో మాట్లాడేటప్పుడు మాత్రమే పనికివచ్చే సరుకు అవుతుంది. పెద్ద ఐక్యత కోసం చిన్న భాషలు మౌనం వహించాలన్న ఈ సూత్రం మనకు కొత్తది కాదు. రాష్ట్ర భాష పేరిట దానిని బడులలో అనుభవించాము. తమిళనాట 2006 చట్టం తరువాత కృష్ణగిరి జిల్లా తెలుగుపిల్లలు పదవ తరగతి పరీక్ష ఏ భాషలో రాయాలన్నది ఎన్ని కోర్టు మెట్లు ఎక్కిందో మన పాఠకులకు తెలుసు. తేడా ఒక్కటే. ఇక్కడ చట్టం చేసి నోరు మూయించారు, అక్కడ ఎవరూ చెప్పకుండానే నోరు మూతపడింది.

భయపడవలసినది వేరేచోట ఉన్నదని మొదట అన్నాను. కొత్తవారిని చేర్చుకొనే వారాలలో పరీక్ష పేరిట వేధించే దురాచారం ఈ గ్రీకు అక్షరాల సంఘాలను శతాబ్దానికి పైగా పట్టి పీడిస్తున్నది. నిద్ర లేకుండా చేయడం, అవమానించడం, మద్యం తాగించడం, కొన్నిచోట్ల కొట్టడం. ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి, వాటిలో ఎక్కువ మగపిల్లల సంఘాలవి, ఆసియా సంతతి సంఘాలు కూడా వాటికి మినహాయింపు కాదు. మన భాషలో దీని పేరు ర్యాగింగు. 1996లో చిదంబరంలో ఒక వైద్య విద్యార్థి హత్యకు గురైన తరువాత తమిళనాడు 1997లోనే ర్యాగింగును నిషేధిస్తూ చట్టం చేసింది, ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ కూడా చేసింది. అమెరికాలో రాష్ట్రాల చట్టాలు ఉన్నా, విశ్వవిద్యాలయాలు ఇటువంటి సంఘటనలను లెక్కగట్టి ప్రజలకు వెల్లడించాలన్న కేంద్ర చట్టం 2024 డిసెంబరులో గాని రాలేదు. ఏ తల్లి అయినా కూతురిని అడగవలసిన ప్రశ్నలు ఇవి: ఆ వారాలలో నిన్ను ఏం చేయమంటారు, చేయనంటే ఏమంటారు, మీ విశ్వవిద్యాలయం వెల్లడించిన పట్టికలో మీ సంఘం పేరున్నదా? అక్కచెల్లెలు అయ్యేందుకు అవమానం పడాలని అడిగే సంఘంతో మనకు పనిలేదు. చందాల ఖర్చు, చదువు సమయం పోవడం వంటివి కూడా ఉన్నాయి గాని అవి ఆ పిల్లలే తేల్చుకోగలరు.

మరొక చిక్కు ఇటీవల వచ్చింది. టెక్సస్ రాష్ట్రం 2023లో చేసిన చట్టం ప్రకారం 2024 జనవరి 1 నుంచి అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు జాతి వైవిధ్యం పేరిట కార్యాలయాలు నడపరాదు. విద్యార్థి సంఘాలకు ఆ నిషేధం వర్తించదని చట్టమే చెబుతున్నది. కాని అల్పసంఖ్యాక విద్యార్థులు కూడుకొనే బహుళ సంస్కృతుల కేంద్రాన్ని ఆస్టిన్ విశ్వవిద్యాలయం మూసివేసింది. 1998లో కప్పా ఫై గామా పుట్టిన విశ్వవిద్యాలయం అదే. సంఘాన్ని ముట్టుకోకుండా అది కూర్చొనే గదిని తీసివేయడమంటే ఏమిటో, తెలుగు మాధ్యమం ఉన్నదంటూనే తెలుగు ఉపాధ్యాయుడిని వేయని బడిని చూసినవారికి తెలుసు.

ఇంతకూ ఈ సోదరీ సంఘం అన్నది మనకు పరాయిది కాదు. కొమర్రాజు లక్ష్మణరావుగారి అక్క భండారు అచ్చమాంబ తెలుగునాట కాదు, మధ్యపరగణాలలో కాపురముంటూ తమ్ముడితో పాటు చదువు నేర్చుకొన్న మనిషి. నేటి లెక్కలో ఆమె కూడా మనవంటి రాష్ట్రేతరాంధ్రురాలే. ఆమె 1902లో బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించింది. ఇక దుర్గాబాయి 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించినది చెన్నపట్నంలో. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను కూర్చోబెట్టి కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు తయారుచేయించింది. ఆ పేరులోని 'ఆంధ్ర' అన్న మాట సభ సేవకు అడ్డురాలేదు. ఆస్పత్రి గుమ్మంలో ఎవరినీ ఏ భాషవారని అడగలేదు. తన భాష పేరు పెట్టుకొని పదిమందికీ పనికిరావచ్చునని చూపిన ఉదాహరణ మన చెన్నపట్నంలోనే ఉండగా, సేవ చేయాలంటే భాషను గుమ్మం బయట విడవాలన్న వాదం నాకు ఎక్కదు.

కనుక అక్కడి పిల్లలకు చెప్పవలసినది సంఘం మానమని కాదు, అందులోకి తెలుగును తీసుకుపొమ్మని. దారులు లేకపోలేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావుగారు 1971 నుంచి దశాబ్దాలపాటు తెలుగు బోధించారు. ఆ తరువాత బెర్కిలీ, ఆస్టిన్ వంటి మరికొన్ని చోట్ల కూడా తెలుగు పాఠాలు నడిచాయి. 2007లో మొదలైన 'మనబడి' ద్వారా వేలాది పిల్లలు అక్షరాలు దిద్దారు. అక్షరాలు దిద్దిన పిల్లకు పద్దెనిమిదేళ్లు వచ్చాక ఆ తెలుగుతో చేయవలసిన పని ఏదీ కనబడకపోతే అది వేసవి జ్ఞాపకంగా మిగిలిపోతుంది. పని ఇక్కడ సిద్ధంగా ఉన్నది. గృహహింస సహాయకులుగా ఫోను తీయాలంటే కాలిఫోర్నియా, ఇల్లినాయి రాష్ట్రాలలో 40 గంటల శిక్షణ పొందాలి. విశ్వవిద్యాలయపు అమ్మాయిలకు 40 గంటలు పెద్ద లెక్క కాదు. నాట్యపోటీ అభ్యాసానికి అంతకంటె ఎక్కువే అవుతుంది.

అయితే ఆ శిక్షణలో తెలుగు మాటలు నేర్పరు. మనబడి పుస్తకంలోనూ అవి ఉండవు. ఆరళ్లు పెట్టడం, సాధించడం, సూటిపోటి మాటలు, పుట్టింటికి తరిమివేయడం, ముఖం వాచేట్టు చూడడం, అన్నం ముందు కూర్చోబెట్టి తిట్టడం. ఈ మాటలు అవ్వల దగ్గర, అమ్మమ్మల దగ్గర ఉన్నాయి. మన సరిహద్దు పల్లెల తెలుగులో అయితే మరీ పదునుగా ఉన్నాయి. మనుమరాలు ఆదివారం ఫోను చేసినప్పుడు తిన్నావా, ఎప్పుడొస్తావు అని రెండు మాటలతో సరిపెట్టకుండా, ఒక అరగంట పూర్వకాలపు కాపురాల కథలు చెప్పండి. ఆ పిల్ల ఇంగ్లీషులో అడిగితే మీరు తెలుగులోనే చెప్పండి. తెలియని మాట వస్తే ఆపి అడగమనండి, అడిగిన మాటను ఆమె చేత రాయించండి.